మన నీళ్ల పథకాలు, సబ్‌స్టేషన్లు, సోలార్ అన్నీ ఆన్‌లైన్ అవుతున్నాయి, వీటి భద్రత ఎవరు చూస్తారు? (శ్రీకాకుళం, విజయనగరం వాళ్లు రాయండి)

నాగావళి_ఒడ్డు

అందరికీ నమస్కారం. నాది ప్యానెల్ బోర్డుల పని. పంపుహౌస్‌లు, ఫిల్టర్ ప్లాంట్లు, రైస్ మిల్లులు, ఎక్కడ పిలిస్తే అక్కడికి వెళ్తాను. ఈ మధ్య మన జిల్లాలోనే ఒక రక్షిత మంచినీటి పథకంలో మోటారు డ్రైవ్ మార్చడానికి వెళ్లాను, ఊరు పేరు చెప్పను. ప్యానెల్ తలుపు తీస్తే లోపల వైపు పాస్‌వర్డ్ స్కెచ్ పెన్నుతో రాసి పైన టేపు అంటించి ఉంది. అది కంపెనీ నుంచి వచ్చినప్పుడు ఉన్న పాస్‌వర్డే, ఎవరూ మార్చలేదు. పక్కన 4జీ రూటర్ ఒకటి వెలుగుతోంది. దాని ద్వారా మోటార్లు, వాల్వులు, నీళ్లలో క్లోరిన్ కలిపే డోసింగ్ పంపు అన్నీ ఫోన్‌లో కనిపిస్తాయి, ఫోన్ నుంచే మార్చొచ్చు కూడా. ఆ యాప్ ఎవరెవరి దగ్గర ఉందని అడిగితే, ఇప్పటి ఆపరేటర్ దగ్గర, ఎక్కడో సిటీలో కూర్చున్న కాంట్రాక్టర్ ఇంజినీరు దగ్గర, ఎప్పుడో పని మానేసి చెన్నై వెళ్లిపోయిన పాత ఆపరేటర్ దగ్గర కూడా ఉందన్నారు.

ఇంటికి తాళం వేసి తాళంచెవి గుమ్మం మీద పెట్టినట్టుంది పరిస్థితి. ఇది ఒక్క చోటి సంగతి కాదని నా అనుమానం. జల్ జీవన్ మిషన్ వచ్చాక పల్లెల్లో కూడా సెన్సార్లు, ఆన్‌లైన్ మానిటరింగ్ పెడుతున్నారు, మంచిదే, నేను దానికి వ్యతిరేకం కాదు. కానీ పెట్టాక దాని మంచిచెడ్డలు చూసేవాడు ఎవడు? మీ మీ చోట్ల ఎలా ఉందో రాయండి.

గరుగుబిల్లి_కుర్రోడు

అన్నా, మన పల్లెల మీద ఎవడు దాడి చేస్తాడు చెప్పు. మా దగ్గర పైపు పగిలితే వారం దాకా దిక్కు లేదు, ముందు అది బాగుచేయనీ. హ్యాకర్ల సంగతి ఢిల్లీ, ముంబై వాళ్లు చూసుకుంటారు.

రిలే_టెస్టర్

గరుగుబిల్లి తమ్ముడూ, ఎవరి మీదా గురిపెట్టకుండా కూడా దెబ్బ తగులుతుంది, అది తర్వాత చెప్తాను. ముందు ఉక్రెయిన్ కథ వినండి, మా ఫీల్డ్‌లో అందరూ చదవాల్సింది అది.

2015 డిసెంబర్ 23న అక్కడ మూడు విద్యుత్ పంపిణీ సంస్థల మీద ఒకేసారి దాడి జరిగింది. దాదాపు 2,25,000 కనెక్షన్లకు కరెంటు పోయింది. ఎలా మొదలైందంటే, దానికి నెలల ముందే ఆఫీసు వాళ్లకు ఈమెయిల్‌లో ఒక ఆఫీస్ ఫైలు వచ్చింది. తెరిచి మాక్రో (ఫైలు లోపల దాగిన చిన్న ప్రోగ్రామ్) ఎనేబుల్ చేశారు, అంతే. హ్యాకర్లు లోపల కూర్చుని పాస్‌వర్డులు దొంగిలించి, ఆఫీసు నెట్‌వర్క్ నుంచి కంట్రోల్ రూమ్ దాకా దారి చూసుకున్నారు. ఆ రోజు ఆపరేటర్ల కళ్ల ముందే స్క్రీన్ మీద మౌస్ తనంతట తాను కదిలి ఒక్కో సబ్‌స్టేషన్ బ్రేకర్ తెరుచుకుంటూ పోయింది. ఆపరేటర్ చేయి పెడితే పనిచేయలేదు. కాల్ సెంటర్‌కి ఎడతెరిపి లేకుండా దొంగ ఫోన్లు చేసి జనం ఫోన్లు కలవకుండా చేశారు. కంప్యూటర్లలో డేటా తుడిచేశారు. సబ్‌స్టేషన్‌తో మాట్లాడే కన్వర్టర్ల లోపలి ప్రోగ్రామ్ కూడా పాడుచేశారు, అవి ఇక బాగుపడవు, కొత్తవి తెచ్చుకోవాల్సిందే.

అయినా కొద్ది గంటల్లో కరెంటు వచ్చేసింది. ఎందుకొచ్చింది? సిబ్బంది వ్యాన్లెక్కి సబ్‌స్టేషన్లకు వెళ్లి బ్రేకర్లు చేత్తో వేశారు. వాళ్లవి పాత సబ్‌స్టేషన్లు, చేత్తో వేసే ఏర్పాటు ఉంది, వేయడం తెలిసిన మనుషులూ ఉన్నారు. ఆ తర్వాత నెలల తరబడి అలాగే నడుపుకున్నారు.

మన 33/11 కేవీ సబ్‌స్టేషన్లలో ఇంకా షిఫ్ట్ ఆపరేటర్లు ఉన్నారు. మనిషి లేకుండా నడిపే సబ్‌స్టేషన్లు కావాలని పై నుంచి ఒత్తిడి ఉంటుంది, జీతాలు మిగులుతాయని. నేనైతే ఆ ఆపరేటర్‌ని తీయొద్దంటాను. వాళ్లే మన బలం.

ఉద్దానం_జీడితోట

రిలే అన్నయ్యా, మీరు చెప్పింది చదువుతుంటే నాకు తిత్లీ తుఫాను గుర్తొచ్చింది. 2018 అక్టోబర్ 11 తెల్లవారుజామున పలాస దగ్గర తీరం దాటింది. కొబ్బరి, జీడి అంతా నేలమట్టం. స్తంభాలు వరసగా పడిపోయాయి, సెల్ టవర్లు పనిచేయలేదు, మోటారు తిరగదు కాబట్టి నీళ్లూ లేవు. ఊళ్లో డీజిల్ జనరేటర్ ఉన్నవాళ్ల ఇంటి ముందు బిందెలు పట్టుకుని నిలబడ్డాం.

ఇప్పుడు వంశధార నీళ్లు హిరమండలం నుంచి పైపుల్లో ఉద్దానం దాకా వస్తున్నాయి, 2023 డిసెంబర్‌లో మొదలుపెట్టారు. మాకు నీళ్లంటే దాహం తీర్చుకోవడం ఒక్కటే కాదు. ఇక్కడ ప్రతి వీధిలో కిడ్నీ పేషెంట్ ఉన్నాడు. జబ్బుకి కారణం ఇదీ అని ఇన్నేళ్లయినా డాక్టర్లు తేల్చలేదు గానీ బోరు నీళ్లంటే జనానికి భయం పట్టుకుంది. నది నీళ్లు వస్తే ఆ భయం పోతుందని ఆశ. ఆ నీళ్ల మీద నమ్మకం ఒక్కసారి పోతే, ఎవడో క్లోరిన్ ఎక్కువ చేశాడనో, నీళ్లలో ఏదో కలిసిందనో వాట్సాప్‌లో ఒక్క మెసేజ్ వస్తే చాలు, మా వాళ్లు మళ్లీ బోరు దగ్గరికే పోతారు. దాడి నిజంగా జరగక్కర్లేదు, జరిగిందన్న పుకారు చాలు.

ఇంకో మాట. తుఫానైనా హ్యాకరైనా మాకు జరిగేది ఒకటే. కరెంటు ఉండదు, నెట్‌వర్క్ ఉండదు, స్క్రీన్ చీకటి. అప్పుడు ఆ పథకాన్ని నడపగలిగే మనిషి ఊళ్లో ఉన్నాడా లేడా అన్నదే నా ప్రశ్న.

నాగావళి_ఒడ్డు

జీడితోట గారూ, మీరు చెప్పిందే అసలు విషయం.

నీళ్లకు సంబంధించి రెండు సంగతులు చెప్తాను. మొదటిది 2023 నవంబర్‌లో అమెరికాలో పెన్సిల్వేనియాలో అలిక్విప్పా అనే చిన్న ఊరు. ఆ ఊరి నీళ్ల సంస్థ బూస్టర్ స్టేషన్‌లో పీఎల్‌సీని (మోటార్లు, వాల్వులు నడిపే చిన్న కంప్యూటర్ పెట్టె) హ్యాక్ చేశారు. ఆ రకం పీఎల్‌సీకి కంపెనీ ఇచ్చే పాస్‌వర్డ్ 1111. ఇంటర్నెట్‌కి నేరుగా తగిలించి ఉంది. ఆ ఊరి మీద హ్యాకర్లకేం పగ లేదు, ఆ పీఎల్‌సీ ఇజ్రాయెల్ కంపెనీది, ఆ కంపెనీ సామాను ఎక్కడ కనిపిస్తే అక్కడ దూరారు. గరుగుబిల్లి తమ్ముడికి జవాబు ఇదే, మనం చిన్నవాళ్లమని వదిలేయరు, మన దగ్గర ఏ కంపెనీ పెట్టె ఉందో అది చూస్తారు. అక్కడి ఆపరేటర్లు అలారం రాగానే మాన్యువల్‌కి మార్చేశారు, నీళ్లు ఆగలేదు.

రెండోది పాతది, 2000లో ఆస్ట్రేలియాలో మరూచీ అనే చోట. మురుగునీటి పంపింగ్ స్టేషన్లు రేడియోతో నడిచేవి. వాటిని బిగించిన కాంట్రాక్ట్ కంపెనీలో పనిచేసి మానేసిన ఒకాయన అక్కడి కౌన్సిల్‌లో ఉద్యోగం అడిగితే ఇవ్వలేదు. ల్యాప్‌టాప్, రేడియో కారులో పెట్టుకుని తిరుగుతూ వారాల తరబడి పంపులు ఆపేశాడు. దాదాపు 8 లక్షల లీటర్ల మురుగు పార్కుల్లోకి, కాలువల్లోకి పోయింది. చేపలు చచ్చిపోయాయి. ఆయనకు రెండేళ్లు జైలు పడింది.

నాకు ఈ రెండోదే ఎక్కువ భయం. మన దగ్గర పంపుహౌస్ ఆపరేటర్లు చాలామంది ఔట్‌సోర్సింగ్, జీతాలు నెలల తరబడి ఆగుతాయి, కడుపు మండి మానేస్తారు. మానేసినవాళ్లు చెడ్డవాళ్లని అనడం లేదు. కానీ వాళ్ల ఫోన్‌లో ఆ యాప్ ఇంకా ఎందుకుండాలి?

గరుగుబిల్లి_కుర్రోడు

1111 సంగతి సరే. కానీ అన్నీ నమ్మేయకండి. 2021లో ఫ్లోరిడాలో ఓల్డ్స్‌మార్ అనే ఊళ్లో నీళ్లలో సోడియం హైడ్రాక్సైడ్‌ని (కాస్టిక్ సోడా) 100 నుంచి 11,100 పీపీఎం చేశారని ప్రపంచమంతా వార్త. రెండేళ్ల తర్వాత ఆ ఊరి మాజీ సిటీ మేనేజరే అది తమ ఉద్యోగి పొరపాటు అయ్యుండొచ్చన్నాడు. 2020 అక్టోబర్ 12న ముంబైలో కరెంటు పోతే చైనా పని అన్నారు, కేంద్ర విద్యుత్ మంత్రి కాదు, మనిషి తప్పిదమన్నారు. 2025 ఏప్రిల్ 28న స్పెయిన్, పోర్చుగల్ మొత్తం చీకటైతే అందరూ మొదట సైబర్ అటాక్ అనే అరిచారు, తీరా చూస్తే గ్రిడ్‌లో వోల్టేజీ సమస్య. భయం చూపించి సాఫ్ట్‌వేర్లు అమ్ముకునే కంపెనీలు చాలా ఉన్నాయి. ఆ డబ్బు ఎవరిది? మనదే.

గురజాడ_వీధి

నేను విజయనగరంలో ఇంజినీరింగ్ కాలేజీలో పాఠాలు చెప్తాను. గరుగుబిల్లి చెప్పినవి మూడూ సరైనవే, ఇలా అడిగేవాళ్లు ఉండాలి. వాటి పక్కన ప్రభుత్వమే ఒప్పుకున్నవి కూడా పెట్టి చూద్దాం. 2019 అక్టోబర్‌లో కూడంకుళం అణు కేంద్రం కంప్యూటర్‌లో మాల్వేర్ (హాని చేసే ప్రోగ్రామ్) దొరికిందని దాన్ని నడిపే ప్రభుత్వ సంస్థ ఎన్‌పీసీఐఎల్ స్వయంగా చెప్పింది. అది ఆఫీసు పనుల నెట్‌వర్క్‌లో, రియాక్టర్ కంట్రోల్‌లో కాదు. 2022 నవంబర్ 23న ఢిల్లీ ఎయిమ్స్ సర్వర్లు రాన్సమ్‌వేర్‌తో (ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగే వైరస్) మూతపడ్డాయి, దాదాపు రెండు వారాలు చీటీల మీద నడిపారు. మన దగ్గరే 2019 ఏప్రిల్ ఆఖర్లో తెలంగాణ, ఆంధ్ర డిస్కంల (కరెంటు పంపిణీ సంస్థల) వెబ్‌సైట్లు రాన్సమ్‌వేర్‌తో ఆగిపోయాయి. ఆన్‌లైన్ బిల్లులు ఆగాయి, సరఫరాకు ఏమీ కాలేదు. రిలే గారు అన్న ‘గురి లేకుండా తగిలే దెబ్బ’ ఇలాంటిదే.

ఇక చట్టం సంగతి. ఐటీ చట్టం సెక్షన్ 70 కింద ప్రభుత్వం గెజిట్‌లో ప్రకటించిన కంప్యూటర్ వ్యవస్థ ‘రక్షిత వ్యవస్థ’ అవుతుంది, దానిలోకి అనుమతి లేకుండా దూరితే పదేళ్ల దాకా శిక్ష. కీలక వ్యవస్థలను కాపాడటానికి 2014లో ఎన్‌సీఐఐపీసీ అనే కేంద్ర సంస్థ పెట్టారు. ఇలాంటి సైబర్ సంఘటన జరిగితే తెలిసిన 6 గంటల్లో సెర్ట్-ఇన్‌కి (కేంద్రం సైబర్ భద్రత సంస్థ) చెప్పాలని 2022 ఏప్రిల్ ఆదేశం ఉంది. కరెంటు రంగానికి సీఈఏ (కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ) 2021లో విడిగా మార్గదర్శకాలు ఇచ్చింది, ఆఫీసు నెట్‌వర్క్, కంట్రోల్ నెట్‌వర్క్ వేరుగా ఉండాలి, నమ్మకమైన చోట నుంచే సామాను కొనాలి, ఇలా. కరెంటుకి ఇంత ఉంది. మండల స్థాయి నీళ్ల పథకం దగ్గరికి వచ్చేసరికి ఆ 6 గంటల సంగతి చెప్పాల్సింది ఎవరు? కాంట్రాక్టరా, పంచాయతీ సెక్రటరీనా, శాఖ ఏఈ (అసిస్టెంట్ ఇంజినీరు)నా? నేను అడిగినవాళ్లలో ఎవరూ జవాబు చెప్పలేకపోయారు.

కొవ్వాడ_తీరం

కూడంకుళం అన్నారు కాబట్టి అడుగుతున్నా. మా కొవ్వాడలో 1208 మెగావాట్ల అణు రియాక్టర్లు ఆరు పెడతామంటున్నారు. నెట్‌కి తగిలించరు కాబట్టి భయం లేదంటారు. నిజమేనా?

రిలే_టెస్టర్

నెట్‌కి తగిలించకపోవడం చాలా పెద్ద రక్షణే. కానీ సంపూర్ణ రక్షణ కాదు. 2010లో బయటపడ్డ స్టక్స్‌నెట్ అనే వైరస్ ఇరాన్‌లో నతాంజ్ అణు ప్లాంట్‌లోకి వెళ్లింది యూఎస్‌బీ డ్రైవ్‌ల ద్వారా అంటారు, ఆ ప్లాంట్‌కి ఇంటర్నెట్ లేదు. యురేనియం శుద్ధి చేసే సెంట్రిఫ్యూజ్‌ల వేగం మార్చి పాడుచేస్తూ ఆపరేటర్‌కి మాత్రం స్క్రీన్ మీద అంతా మామూలుగానే ఉన్నట్టు చూపించింది. కొవ్వాడ ఇంకా కాగితాల మీదే ఉంది కాబట్టి ప్రజాభిప్రాయ సేకరణ పెట్టినప్పుడు భూకంపం, పరిహారంతో పాటు ఈ ప్రశ్న కూడా రాతపూర్వకంగా అడగండి, జవాబు కూడా రాతపూర్వకంగా తీసుకోండి.

చీపురుపల్లి_సోలార్

నేను ఇళ్ల మీద సోలార్ బిగిస్తాను. పీఎం సూర్యఘర్ వచ్చాక (3 కిలోవాట్లకు 78,000 సబ్సిడీ) పని బాగా పెరిగింది, కోటి ఇళ్లు లక్ష్యం కదా. దీని గురించి ఎవరూ మాట్లాడటం లేదు కాబట్టి కొంచెం వివరంగా రాస్తాను.

ఇన్వర్టర్ కింద వేలెడంత డాంగిల్ ఒకటి పెడతాం, అది ఇంటి వైఫైకి తగులుతుంది. అక్కడి నుంచి ఈ రోజు ఎన్ని యూనిట్లు వచ్చిందో కంపెనీ సర్వర్‌కి పోతుంది, కస్టమర్ ఫోన్‌లో చూసుకుంటాడు. ఆ సర్వర్ ఏ దేశంలో ఉందో కస్టమర్‌కి తెలియదు. డాంగిల్ సెట్ చేసేటప్పుడు దాని సొంత వైఫై వస్తుంది, పాస్‌వర్డ్ చాలా వాటికి 12345678. సెట్ చేశాక మార్చమని మాన్యువల్‌లో ఉంటుంది, ఎవరూ మార్చరు. ఇంకా పెద్ద సమస్య, పెద్దవాళ్లకు ఈమెయిల్ ఉండదని బిగించేవాళ్లు తమ ఈమెయిల్‌తోనే పది ఇళ్లూ, వంద ఇళ్లూ ఒకే అకౌంట్‌లో పెట్టేస్తారు. ఆ అకౌంట్ ఒక్కటి పోతే వంద ఇన్వర్టర్లు ఆఫ్ చేయొచ్చు.

ఒక ఇల్లు ఆగితే గ్రిడ్‌కి ఏమీ కాదు. కానీ లక్షల ఇళ్లు ఒకే కంపెనీ సర్వర్ మీద ఉంటే ఆ సర్వరే పవర్ ప్లాంట్ అయిపోయినట్టు. 2025 మార్చిలో ఫోర్‌స్కౌట్ అనే సంస్థ మూడు పెద్ద ఇన్వర్టర్ కంపెనీల సామానులో 46 కొత్త లోపాలు పట్టుకుంది, కంపెనీలు తర్వాత సరిచేశాయి. 2022 ఫిబ్రవరి 24న ఉక్రెయిన్ యుద్ధం మొదలైన రోజే ఒక శాటిలైట్ నెట్‌వర్క్ మీద దాడి జరిగితే, ఆ మోడెమ్‌లు వాడుతున్న జర్మనీ గాలిమరలు 5,800 దూరం నుంచి చూడటానికి లేకుండా పోయాయి. యుద్ధం ఒక దేశంలో, దెబ్బ ఇంకో దేశం గాలిమరలకు. అవి మాత్రం ఆగకుండా కరెంటు ఇస్తూనే ఉన్నాయి, ఎందుకంటే లింకు తెగినా సొంతంగా తిరిగేలా చేసి ఉన్నాయి.

బొగ్గు వద్దు, సోంపేట బీల (చిత్తడి నేలలు)లో థర్మల్ వద్దు అని ప్రాణాలు పోగొట్టుకున్న జిల్లా మనది. సోలార్ మీద జనానికి నమ్మకం పోకూడదని నా తపన. కస్టమర్ ఈమెయిల్‌తోనే అకౌంట్ పెట్టి, డాంగిల్ పాస్‌వర్డ్ మార్చి ఇవ్వడానికి పావుగంట పడుతుంది. ఈ పని చేసేవాళ్లందరినీ బతిమాలుతున్నా, దయచేసి ఆ పావుగంట పెట్టండి.

వంశధార_ఆయకట్టు

చదువుతున్నాను అందరివీ. నేను రైతుని. 2020లో వ్యవసాయ మోటార్లకు మీటర్లని మొదట పెట్టింది మా శ్రీకాకుళం జిల్లాలోనే. దాని రాజకీయం నాకొద్దు. ఇప్పుడు స్మార్ట్ మీటర్లంటే ఆఫీసులో కూర్చుని కరెంటు తీసేయొచ్చంట కదా. ఆఫీసు వాళ్లు కాకుండా ఇంకొకడు ఆ బటన్ నొక్కితే ఏటవుద్ది? వరి పొట్ట మీద ఉన్నప్పుడు నాలుగు రోజులు నీళ్లు ఆగితే పంట పోయినట్టే.

రెండో భయం గేట్లు. ఒడిశాలో వాన పడితే గొట్టా బ్యారేజీకి నీళ్లొచ్చే టైం తక్కువ. పై నుంచి లెక్కలు సరిగ్గా వస్తేనే కింద ఊళ్లు ఖాళీ చేయిస్తారు. ఆ లెక్కలే ఎవడైనా తారుమారు చేస్తే?

రిలే_టెస్టర్

పెద్దాయనా, రెండూ సరైన ప్రశ్నలే.

స్మార్ట్ మీటర్‌లో దూరం నుంచి తీసేసే స్విచ్ ఉంటుంది, నిజమే. ఒక్క రైతు మోటారు ఆగడం ఆయనకి నష్టం. వేల మీటర్లు ఒకేసారి ఆపి ఒకేసారి వేస్తే అది గ్రిడ్‌కి కూడా నష్టం. మన గ్రిడ్ 49.90 నుంచి 50.05 హెర్ట్జ్ మధ్య నడవాలి, లోడు ఒక్కసారిగా పడినా లేచినా ఆ లెక్క తప్పుతుంది. అందుకే ఒక గంటలో ఇన్ని మీటర్లకు మించి తీసేయకూడదు అని సాఫ్ట్‌వేర్‌లోనే కట్టడి పెట్టాలి, పెద్ద సంఖ్యలో తీయాలంటే ఇద్దరు అధికారుల అనుమతి ఉండాలి. మన దగ్గర అది ఉందో లేదో కరెంటు ఆఫీసులో సమాచార హక్కు కింద అడగొచ్చు.

గేట్ల సంగతి. 2025 ఏప్రిల్‌లో నార్వేలో ఒక చిన్న డ్యామ్ వాల్వుని హ్యాకర్లు పూర్తిగా తెరిచారు, నాలుగు గంటల దాకా ఎవరూ చూడలేదు. సెకనుకు 500 లీటర్ల దాకా ఎక్కువ నీళ్లు పోయాయి, నది పెద్దది కాబట్టి నష్టం లేదు. కారణం బలహీనమైన పాస్‌వర్డ్. 2013లో న్యూయార్క్ దగ్గర ఒక చిన్న డ్యామ్ కంట్రోల్‌లోకి కూడా దూరారు, కానీ గేటు తిప్పలేకపోయారు. ఎందుకంటే రిపేరు కోసం గేటు వైరు అప్పటికే విప్పి ఉంచారు.

గేటు ప్యానెల్ మీద లోకల్/రిమోట్ అని తిప్పే స్విచ్ ఒకటి ఉంటుంది. లోకల్‌లో పెడితే బయటి నుంచి ఎవడు ఎన్ని కమాండ్లు పంపినా మోటారు కదలదు. దాని విలువ లక్షల సాఫ్ట్‌వేర్ కన్నా ఎక్కువ. నా అభిప్రాయంలో గేట్లు ఎప్పుడూ లోకల్‌లోనే ఉండాలి. నీటిమట్టం ఆన్‌లైన్‌లో చూడండి, ఎంతమందైనా చూడండి. తిప్పడం మాత్రం గేటు దగ్గర నిలబడ్డ మనిషే తిప్పాలి. వరద లెక్కలకైతే సెన్సార్‌తో పాటు పాత గేజ్ స్కేలు చదివే మనిషి ఫోన్ కూడా రావాలి, రెండూ కలవకపోతే వెంటనే అనుమానించాలి.

పలాస_సిస్టర్

నేను డయాలసిస్ యూనిట్‌లో నర్సుని. మీ టెక్నికల్ మాటలు కొన్ని అర్థం కాలేదు గానీ ఒకటి మాత్రం బాగా అర్థమైంది.

ఒక్క పేషెంట్‌కి నాలుగు గంటల డయాలసిస్‌కి ఇంచుమించు 120 లీటర్ల శుద్ధి చేసిన నీళ్లు మెషీన్‌లోంచి పోతాయి. నీళ్లు, కరెంటు రెంటిలో ఏది ఆగినా మాకు టెన్షనే. మెషీన్ ఆగిపోతే పేషెంట్ రక్తం ట్యూబుల్లో ఉండిపోతుంది, కాసేపు కదలకపోతే గడ్డకట్టేస్తుంది. అందుకే రక్తం పంపుకి చేత్తో తిప్పే చిన్న హ్యాండిల్ ఉంటుంది. పవర్ పోయి బ్యాటరీ కూడా పనిచేయకపోతే సేఫ్టీ క్లాంప్ తీసి, గాలి బుడగ రాకుండా కళ్లు ట్యూబ్ మీదే పెట్టి నెమ్మదిగా తిప్పుతూ రక్తం ఒంట్లోకి పంపేస్తాం. కొత్తగా చేరిన ప్రతి అమ్మాయికీ ముందు అది నేర్పిస్తాం, మధ్యమధ్యలో మళ్లీ చేయించి చూస్తాం. ఎక్కడుంది హ్యాండిల్ అని అప్పుడు వెతుక్కుంటే మనిషి దక్కడు.

ఉద్దానం అన్నయ్య అడిగిన ప్రశ్నే నాదీ. పంపుహౌస్‌లో కుర్రాళ్లకు ఇలాంటిది ఎవరైనా నేర్పిస్తున్నారా? మా పేషెంట్లు వారానికి రెండు మూడుసార్లు వస్తారు, వాయిదా వేయడానికి లేదు.

గరుగుబిల్లి_కుర్రోడు

సిస్టర్ గారు చెప్పింది నాకు నచ్చింది. దీనికి కోట్ల సాఫ్ట్‌వేర్ అక్కర్లేదు. సరే, మరి పంచాయతీ ఏం చేయాలి? మా సర్పంచ్ మావయ్యకి ఈ లింకు పంపాను, ఖర్చు లేకుండా ఏం చేయొచ్చో చెప్పమంటున్నాడు.

నాగావళి_ఒడ్డు

ఖర్చు లేనివే ముందు చెప్తాను. కంపెనీ పాస్‌వర్డ్ ఈ రోజే మార్చి, కొత్తది ఏఈ దగ్గర, పంచాయతీ ఆఫీసు బీరువాలో సీల్డ్ కవర్‌లో ఉంచండి. మానేసినవాళ్ల యాప్ లాగిన్ తీసేయండి, ఇకముందు ఎవరు మానేసినా ఆ రోజే తీసేయండి. రిపేరుకి కాంట్రాక్టర్ దూరం నుంచి చూడాలంటే ఫోన్ చేసి అడగాలి, అప్పుడే రూటర్ వేయాలి, పని అయ్యాక తీసేయాలి. డోసింగ్ పంపు మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ ఫోన్ నుంచి మార్చేలా ఉండకూడదు, పంపు మీదే గరిష్ఠ మోతాదుకి స్టాపర్ పెట్టొచ్చు. కుళాయి చివర క్లోరిన్ పరీక్ష కిట్‌తో చూడటం ఎలాగూ చేయాలి, ఆ రంగు చూసే మనిషిని ఏ హ్యాకరూ మోసం చేయలేడు.

ఇప్పుడు అన్నిటికన్నా ముఖ్యమైంది, ఎవరూ అడగనిది. పీఎల్‌సీ లోపలి ప్రోగ్రామ్ కాపీ ఎవరి దగ్గర ఉంది? చాలా చోట్ల కాంట్రాక్టర్ దగ్గరే, అది కూడా లాక్ చేసి. రేపు పిడుగు పడి పీఎల్‌సీ కాలిపోయినా, వైరస్ వచ్చి చెరిగిపోయినా, ఆ కాంట్రాక్టర్ ఫోన్ ఎత్తకపోతే పథకం మొత్తం పక్కన పెట్టాల్సిందే. కోట్లు పెట్టి కట్టింది ఒక పెన్‌డ్రైవ్ లేక మూలన పడుతుంది. డబ్బు కట్టింది ప్రభుత్వం, ప్రోగ్రామ్ ప్రభుత్వానిదే. కొత్త టెండర్ ఏది వచ్చినా ప్రోగ్రామ్ కాపీ, పాస్‌వర్డులు, వైరింగ్ డ్రాయింగ్ అప్పగిస్తేనే చివరి బిల్లు అని రాయించాలి. నిర్వహణ డబ్బులో భద్రత పనికి కూడా ఒక పద్దు ఉండాలి. కట్టేటప్పుడు రిబ్బన్ కత్తిరించడానికి అందరూ వస్తారు, ఐదో ఏడాది సాఫ్ట్‌వేర్ అప్‌డేట్‌కి పైసా ఉండదు.

గురజాడ_వీధి

నాగావళి గారి చివరి మాట దగ్గరే సుస్థిర అభివృద్ధి గురించి నా మాట కూడా. ఐక్యరాజ్య సమితి 2015లో పెట్టుకున్న 17 లక్ష్యాల్లో ఆరోది అందరికీ నీళ్లు, ఏడోది అందరికీ శుభ్రమైన కరెంటు, తొమ్మిదోది దెబ్బతిన్నా తట్టుకుని నిలబడే మౌలిక వసతులు, గడువు 2030. మన లెక్కల్లో కుళాయి బిగిస్తే లక్ష్యం నెరవేరినట్టు రాసుకుంటారు. ఆ కుళాయిలో పదేళ్ల తర్వాత కూడా నీళ్లొస్తేనే నేను దాన్ని అభివృద్ధి అంటాను. భద్రత అందులో భాగమే, పైన అతికించే ముక్క కాదు.

విద్యార్థులకు ఒక హెచ్చరిక. ఈ చర్చ చదివి, మన జిల్లాలో ఏ ప్యానెల్ నెట్‌లో కనిపిస్తోందో వెతికి దూరి చూద్దామని ఎవరూ అనుకోవద్దు. మంచి ఉద్దేశంతో చేసినా అనుమతి లేకుండా దూరితే ఐటీ చట్టం కింద నేరమే, పైగా అవతల నడుస్తున్నది మనుషులు తాగే నీళ్ల మోటారు. మా కాలేజీ నుంచి శాఖకి లేఖ రాసి, అనుమతితో ఫైనలియర్ ప్రాజెక్టుగా రెండు మూడు పథకాలు చూసే ప్రయత్నం చేస్తున్నాను. వేరే కాలేజీల వాళ్లు కూడా కలవండి.

బొబ్బిలి_కోట

మధ్యలో చిన్న మాట. మా వీధిలో చాలామందికి ఈ రాత్రికి మీ కరెంటు కట్ చేస్తాం, ఈ నంబరుకి ఫోన్ చేయండి అని మెసేజ్‌లు వస్తున్నాయి. ఇది కూడా ఇదేనా?

గురజాడ_వీధి

అది డబ్బు దోచుకునే మోసం, గ్రిడ్ మీద దాడి కాదు. ఆ నంబరుకి ఫోన్ చేయొద్దు, వాళ్లు పంపే ఏపీకే (ఫోన్‌లో యాప్ ఎక్కించే) ఫైలు తెరవొద్దు. కరెంటు విషయం ఏదైనా 1912కి చేయండి. డబ్బు పోతే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి. ఉక్రెయిన్‌లో మొదలైంది కూడా ఒక మెయిల్‌తోనే అని మర్చిపోవద్దు, కరెంటు ఆఫీసులో పనిచేసేవాళ్ల ఫోన్‌కి కూడా ఇవే మెసేజ్‌లు వస్తాయి.

పంపుహౌస్_తమ్ముడు

నమస్తే అన్నయ్యలూ. నేను కొత్తగా చేరాను, ఒక పథకంలో నైట్ షిఫ్ట్ ఆపరేటర్‌ని. ఇది చదివి మా ప్యానెల్ చూశాను. లోకల్/రిమోట్ స్విచ్ ఉంది. లోకల్‌లో పెట్టి పచ్చ బటన్ నొక్కితే మోటారు ఎత్తుకోవడం లేదు. రిమోట్‌లో పెట్టి స్క్రీన్ నుంచి ఇస్తేనే తిరుగుతోంది. సీనియర్‌ని అడిగితే ఎప్పటి నుంచో అంతే, స్క్రీన్ నుంచే నడపాలి అన్నాడు.

రిలే_టెస్టర్

తమ్ముడూ, చాలా మంచి పని చేశావు. ఈ చర్చ మొత్తంలో నీ పోస్టే ముఖ్యమైంది. లోకల్ పనిచేయడం లేదంటే ఆ స్క్రీన్ పోయిన రోజు నీ ఊళ్లకు నీళ్లు లేవు.

నువ్వు ప్యానెల్ విప్పొద్దు, లోపల 415 వోల్టులు ఉంటుంది. తలుపు బయటి నుంచి స్విచ్, బటన్లు, ఇండికేషన్ ల్యాంపులు ఫొటో తీసి ఇక్కడ పెట్టు, ఊరి పేరు కనిపించకుండా. చాలాసార్లు బిగించేటప్పుడే లోకల్ బటన్ వైర్లు కలపకుండా వదిలేస్తారు, లేదా బటన్‌ని కూడా పీఎల్‌సీ ద్వారానే తిప్పుతారు. రెండోదైతే పీఎల్‌సీ చచ్చిపోతే బటన్ కూడా చచ్చినట్టే, కాబట్టి బటన్ నుంచి స్టార్టర్‌కి నేరుగా వైరు వేయించాలి. ఎలక్ట్రీషియన్‌కి అది సగం రోజు పని.

లాగ్ బుక్‌లో తేదీ, టైం వేసి ‘లోకల్‌లో మోటారు స్టార్ట్ కావడం లేదు’ అని రాసి సంతకం పెట్టు. అదే మాట ఏఈ గారికి కాగితం మీద ఇచ్చి అందినట్టు సంతకం తీసుకో. నీ ఉద్యోగానికి ఇబ్బంది రాకుండా ఫిర్యాదులా కాకుండా రిపేరు కోరుతూ రాయి.

నాగావళి_ఒడ్డు

తమ్ముడూ, లేఖ నేను రాసి మెసేజ్‌లో పంపుతాను, పేర్లు నింపుకో. ఏఈ గారు ఒప్పుకుంటే డ్రాయింగ్ తీసుకుని నేనే వస్తాను, వైరు ఖర్చు తప్ప ఏమీ వద్దు. అక్టోబర్ తుఫాన్ల లోపు అయిపోవాలి. మిగతా ఆపరేటర్లు ఎవరైనా ఇక్కడ ఉంటే మీ ప్యానెల్ కూడా ఇలాగే లోకల్‌లో పెట్టి చూసి రాయండి, కాకపోతే రెండో మోటారు స్టాండ్‌బైలో ఉన్నప్పుడే, షిఫ్ట్ ఇన్‌చార్జికి చెప్పి చేయండి.

పంపుహౌస్_తమ్ముడు

ఫొటోలు పెట్టాను అన్నయ్యా. ఎర్ర ల్యాంపు లోకల్‌లో అసలు వెలగడం లేదు, అది కూడా చూడండి.